పదకొండు కిలోల అబద్ధం

అమెరికాలో ఏ తెలుగువాళ్ల ఇంటికి వెళ్లినా కుక్కర్, ఆవకాయ సీసా తర్వాత తప్పకుండా కనిపించే వస్తువు ఇంకొకటుంది. అది లగేజ్ స్కేల్. కొక్కేనికి బ్యాగ్ తగిలించి పైకెత్తితే బరువు చూపిస్తుంది. ఇండియా వెళ్లేటప్పుడు 23 కిలోల బ్యాగులు రెండు. ఆ గీత దాటితే కౌంటర్ దగ్గర పంచాయితీ. అందుకే బరువైన జాకెట్ ఒంటిమీద వేసుకోవడం, ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో సున్నుండలు కూరడం, కౌంటర్‌లో ఉన్నావిడతో నవ్వుతూ మాట కలపడం... ఇవన్నీ మనకు వెన్నతో పెట్టిన విద్య. నేనూ అందులో ఆరితేరినవాణ్నే.

మొన్న మే నెలాఖరులో అదే స్కేలు, అదే తెలివి కలిసి నన్ను యూటా ఎడారి మధ్యలో ఒక మట్టి రన్‌వే మీద తలొంచుకుని నిలబడేలా చేశాయి.

విమానం దిగితే రోడ్డే లేదు

యూటా రాష్ట్రం దక్షిణ భాగం మ్యాప్‌లో చూస్తే ఊర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగిలిందంతా ఎర్రరాయి, లోయలు, ఇసుక. అందులో శాన్ రఫేల్ స్వెల్ అనే ప్రాంతం ఒకటి. భూమి లోపలి నుంచి ఎవరో పిడికిలితో పైకి నెట్టినట్టు పొరలు పొరలుగా ఉబ్బి, తర్వాత లక్షల ఏళ్ల వానకూ గాలికీ అరిగిపోయిన కొండల గుంపు. దాదాపు 75 మైళ్ల పొడవు, 40 మైళ్ల వెడల్పు. దీని మధ్య నుంచి పోయే హైవే మీద వంద మైళ్లకు పైగా ఒక్క పెట్రోల్ బంకు ఉండదు. హైవే దిగితే మట్టి దారులే. వాన పడితే ఆ మట్టి సబ్బులా మారి ఎంత పెద్ద జీపునైనా పట్టేస్తుంది.

ఆ లోయల అడుగున, కొండ అంచుల మీద అక్కడక్కడా సన్నటి గీతల్లాంటి మట్టి రన్‌వేలు ఉన్నాయి. టవర్ ఉండదు, లైట్లు ఉండవు, టాయిలెట్ కూడా ఉండదు. మెక్సికన్ మౌంటెన్, హిడెన్ స్ప్లెండర్... ఇలా ఒక్కోదానికి ఒక్కో పేరు. చిన్న విమానాల పైలట్లు వారాంతాల్లో అక్కడ దిగి, రెక్క కింద టెంట్ వేసుకుని, లోయల్లో నడిచి, మళ్లీ ఎగిరి వచ్చేస్తారు. యూటా బ్యాక్‌కంట్రీ పైలట్స్ అనే సంఘం వాళ్లు స్వచ్ఛందంగా వెళ్లి రాళ్లు ఏరి, గుంతలు పూడ్చి ఈ రన్‌వేలను బతికిస్తున్నారు.

మా ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నాడు. గుంటూరు. వయసు నలభై దాటింది. అందరం అన్న అనే పిలుస్తాం. ఆయనకు పైలట్ లైసెన్స్ ఉంది. మరో ముగ్గురితో కలిసి డెబ్భైల నాటి సెస్నా 182 ఒకటి కొనుక్కున్నాడు. నాలుగు సీట్లు, ముందు ఒక ప్రొపెల్లర్. చూడ్డానికి రెక్కలు మొలిచిన అంబాసిడర్ కారులా ఉంటుంది. మే నెలాఖరు లాంగ్ వీకెండ్‌కి నన్నూ, నా రూమ్మేట్‌నీ పిలిచాడు. ప్రైవేట్ పైలట్ మన దగ్గర కిరాయి తీసుకోకూడదని అమెరికా రూలు. పెట్రోల్ లాంటి ఖర్చులు పంచుకోవచ్చు, పైలట్ వాటా పైలట్ కట్టాల్సిందే. ముగ్గురం మూడు వాటాలు అనుకున్నాం.

"దిగేది హిడెన్ స్ప్లెండర్‌లో. ఆదివారం సాయంత్రం వీలైతే వచ్చేద్దాం, లేకపోతే సోమవారం పొద్దున్నే" అన్నాడు అన్న.

నేను ఆ వాక్యంలో మొదటి సగమే విన్నాను.

ఆ ఏడు, ఈ నాలుగు

శుక్రవారం రాత్రి అన్న మా అపార్ట్‌మెంట్‌కు వచ్చాడు. చేతిలో లగేజ్ స్కేలు, ఒక నోట్‌బుక్కు. మా బ్యాగులు తూచాడు. నాది 11 కిలోలు. రాసుకున్నాడు. తర్వాత "మీ బరువులెంత?" అని అడిగాడు.

"74" అన్నాను. జిమ్ మానేసి ఏడాదైంది. 74 అనేది జిమ్ ఉన్నప్పటి సంగతి. అప్పటికి నా అసలు బరువు 78. బయోడేటాలో ఎత్తు ఒక అంగుళం పెంచి రాసుకునే జాతి కదా మనది, నాలుగు కిలోలు తగ్గించి చెప్పడం అబద్ధంలా కూడా అనిపించలేదు.

నీళ్ల లెక్క కూడా అన్నే వేశాడు. ఎడారిలో మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు. ముగ్గురికి రెండు రోజులు, ఇంకో రోజు అదనం. మొత్తం 36 లీటర్లు, అంటే 36 కిలోలు. "ఈ మూడో రోజు నీళ్లు ఎందుకన్నా? ఆదివారమే వచ్చేస్తాం కదా" అన్నాడు మా రూమ్మేట్. అన్న నవ్వి ఊరుకున్నాడు.

శనివారం తెల్లవారుజామున, అన్న కింద కారులో ఎదురు చూస్తున్నప్పుడు, తూచిన ఆ బ్యాగులోకి నేను ఇంకొన్ని చేర్చాను. చిన్న కుక్కర్, సోనామసూరి బియ్యం, ఆవకాయ సీసా, కెమెరా ట్రైపాడ్, ఒక స్పీకరు. ఎడారిలో నక్షత్రాల కింద ముద్దపప్పు, ఆవకాయ అన్నం... రీల్ కూడా మనసులో ఎడిట్ అయిపోయింది. తర్వాత తూచి చూస్తే అవన్నీ కలిపి ఏడు కిలోలు. ఒంటిమీద దాచిన నాలుగు, బ్యాగ్‌లో దాచిన ఏడు. పదకొండు కిలోలు నోట్‌బుక్కులోకి ఎక్కకుండానే విమానం ఎక్కాయి.

దాగిన వైభవం

సాల్ట్ లేక్ దగ్గర చిన్న ఎయిర్‌పోర్టు నుంచి పొద్దున్నే బయల్దేరి, ప్రైస్ అనే ఊర్లో దిగి పెట్రోల్ పోయించుకున్నాం. ఫుల్ ట్యాంక్ కాదు. వెళ్లడానికి, తిరిగి రావడానికి, ఇంకో గంట అదనంగా ఎగరడానికి ఎంత కావాలో అంతే. "ఇక్కడ పోసేది అక్కడి నుంచి మళ్లీ పైకెత్తాలి కదరా" అన్నాడు.

పెద్ద విమానంలో కిటికీ పక్క సీటు అంటే మబ్బులు చూడటమే. ఇందులో అలా కాదు. కింద ఒక గాడిద నడుస్తుంటే దాని నీడ కూడా కనిపిస్తుంది. హైవే దాటగానే నేల చీలికలు చీలికలుగా మారిపోయింది. మాది కడప జిల్లా. గండికోట అంచున నిలబడి పెన్నా లోయలోకి తొంగిచూస్తూ పెరిగినవాణ్ని. కోట గోడ మీద నుంచి ఒక్క లోయ చూస్తేనే కాళ్లలో జివ్వుమనేది. ఇక్కడ అలాంటివి వందల కొద్దీ, ఒకదాని పక్కన ఒకటి, ఎర్రటి అరచేతిలో గీతల్లా.

హిడెన్ స్ప్లెండర్ దగ్గర అన్న ముందు దిగలేదు. తక్కువ ఎత్తులో రన్‌వే మీదుగా ఒకసారి ఎగిరి, కొత్త గుంతలు పడ్డాయా, జంతువులేమైనా ఉన్నాయా, పొదలు ఎటువైపు ఊగుతున్నాయి అన్నది చూశాడు. చుట్టుపక్కల పిట్ట కూడా లేదు. అయినా రేడియోలో ఎక్కడున్నాడో, ఎటు నుంచి దిగుతున్నాడో చెబుతూనే ఉన్నాడు. శంషాబాద్‌లో పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఇక్కడిది అందులో ఐదో వంతు కూడా ఉండదు. చుట్టూ కొండలే. చక్రాలు నేలను తాకగానే గరగరమని కంకర చప్పుడు, వెనకాల ఎర్ర దుమ్ము. ఆగిపోయాం. ఇంజన్ ఆపాక చెవుల్లో రింగుమనేంత నిశ్శబ్దం.

హిడెన్ స్ప్లెండర్ అంటే దాగిన వైభవం. ఆ పేరు ప్రకృతిని చూసి పెట్టింది కాదు. అది ఒక గని పేరు. 1950ల్లో అమెరికా ప్రభుత్వం అణ్వాయుధాల కోసం యురేనియం ఎంత దొరికితే అంత కొంటున్న రోజులు. 1952లో చార్లీ స్టీన్ అనే ఆయనకు ఇక్కడికి తూర్పుగా మోయబ్ పట్టణం దగ్గర పెద్ద నిక్షేపం దొరికింది. దాంతో జనం గైగర్ కౌంటర్లు పట్టుకుని ఈ ఎడారి మీద పడ్డారు. మిన్నెసోటాలో వర్క్‌షాప్ కాలిపోయి ఇటు వచ్చిన వెర్నన్ పిక్ కూడా యురేనియం వెతికినవాళ్లలో ఒకడు. అదే ఏడాది మడ్డీ క్రీక్ అనే ఈ వాగు వెంట నడిచి నడిచి, ఇక్కడ యురేనియం కనిపెట్టాడు. 1954లో దాన్ని 90 లక్షల డాలర్లకు ఫ్లాయిడ్ ఆడ్లమ్ అనే వ్యాపారవేత్త కంపెనీకి అమ్మేశాడు. ఆ ఆడ్లమ్ ఎవరో తెలుసా? 1953లో ధ్వని వేగాన్ని దాటి ఎగిరిన మొదటి మహిళ జాక్వెలిన్ కోక్రన్ భర్త. కొన్నాక తేలిందేమిటంటే, గనిలో సరుకు అనుకున్నంత లేదు. పేరులో వైభవం మిగిలింది, అంతే.

ఈ చుట్టుపక్కల చాలా రన్‌వేలు ఆ యురేనియం రోజుల్లో మనుషుల్నీ సామాన్నీ దించడానికి బుల్డోజర్లతో చెక్కినవే. గనులు పోయాయి, రన్‌వేలు ఉన్నాయి. కొండలో ఇప్పటికీ సొరంగాల నోళ్లు కనిపిస్తాయి. లోపల రేడాన్ గ్యాస్ ఉంటుంది, పైకప్పు ఎప్పుడు కూలుతుందో తెలీదు, కాబట్టి లోపలికి వెళ్లకూడదు. ఈ ఎడారి గనుల్లో గాలి సరిగా ఆడనిచోట పనిచేసినవాళ్లలో, ముఖ్యంగా నవాహో తెగవాళ్లలో, చాలామంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. 1990లో గానీ వాళ్లకు పరిహారం ఇచ్చే చట్టం రాలేదు. మా జిల్లాలో తుమ్మలపల్లెలోనూ యురేనియం గని ఉంది. అందుకే ఆ సొరంగం ముందు నిలబడితే నాకు అది పక్క దేశం కథలా అనిపించలేదు.

దుంగ

ఆదివారం తెల్లవారకముందే లేచి మడ్డీ క్రీక్ వెంట ఎగువకు నడిచాం. ఇక్కడ వేరే బాట ఉండదు. వాగే బాట. చీలమండ లోతు, ఒక్కోచోట మోకాలు దాకా. నీళ్లు పాల టీ రంగులో ఉంటాయి. బురద, ఉప్పు రెండూ ఎక్కువ, ఫిల్టర్ నిమిషాల్లో పూడుకుపోతుంది. అందుకే తాగే నీళ్లు వీపు మీదే మోశాం.

పోనుపోను గోడలు దగ్గరకొచ్చేశాయి. పైన ఆకాశం రిబ్బన్‌లా సన్నబడింది. రెండు చేతులు చాపితే అటూ ఇటూ తగులుతుందేమో అనిపించింది. బయట ఎండ మండిపోతున్నా లోపల ఫ్రిజ్ తలుపు తీసినట్టు చల్లగా ఉంది. ఈ ఇరుకు భాగాన్ని ఛూట్ అంటారు. ఒకచోట మా రూమ్మేట్ ఆగి పైకి చూశాడు.

"రేయ్, అదేందిరా?"

మా తలల పైన, నిచ్చెన వేసినా అందనంత ఎత్తులో, రెండు గోడల మధ్య ఒక చెట్టు మాను అడ్డంగా ఇరుక్కుని ఉంది. దాన్ని ఎవరూ అక్కడ పెట్టలేదు. వరద తెచ్చి పెట్టింది. అంటే మేం నిలబడిన చోట ఎప్పుడో ఒకరోజు అంత ఎత్తున నీళ్లు పారాయి. ఈ లోయల్లో వాన మన నెత్తిన పడక్కర్లేదు. ఎక్కడో ముప్ఫై మైళ్ల అవతల కొండ మీద కురిసినా, ఆ నీళ్లన్నీ ఈ ఇరుకులోకే రావాలి. రాయి నీటిని పీల్చుకోదు, ఆపదు.

"ఫోర్‌కాస్ట్ రెండుసార్లు చూసిందీ, ఎగువ మొత్తానికి చూసిందీ ఇందుకే" అన్నాడు అన్న. "ఆ దుంగకు మన సెలవు ఎన్ని రోజులో తెలీదు."

అప్పుడు నవ్వాం. మధ్యాహ్నం దాటాక విమానం దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు పోయింది.

32 డిగ్రీల లెక్క

అసలు సంగతి ఇప్పుడు చెబుతా. సోమవారం అమెరికాలో సెలవు. హైదరాబాద్‌లో కాదు. మా హైదరాబాద్ టీమ్ సోమవారం ఉదయం పదింటికి ఒక రిలీజ్ పెట్టుకుంది. అంటే మాకు ఆదివారం రాత్రి పదిన్నర. "నేను ఆన్‌కాల్ ఉంటాను" అని ముందే చేయెత్తింది నేనే. రేటింగుల సీజన్ మరి. "ఎడారిలో ఉంటాను, రావడం లేటయితే వేరేవాళ్లు చూడాలి" అని ఎవరికీ చెప్పలేదు. చెబితే వారాంతం ఎంజాయ్ చేస్తున్నాడనుకుంటారని.

సాయంత్రం ఐదైంది. థర్మామీటర్‌లో 32 డిగ్రీలు. నేను టెంట్ మడతపెట్టేసి రెడీగా ఉన్నా. అన్న రెక్క నీడలో కూర్చుని నోట్‌బుక్ తీశాడు.

ఇక్కడ కొంచెం ఫిజిక్స్. కంగారు పడకండి, థర్మోడైనమిక్స్‌లో నాకూ బొటాబొటీ మార్కులే. వేడెక్కితే గాలి పల్చబడుతుంది. పల్చటి గాలిలో రెక్కకు పట్టు తక్కువ, ప్రొపెల్లర్‌కు పట్టు తక్కువ, ఇంజన్ పీల్చుకునే గాలీ తక్కువ. మూడు దెబ్బలు ఒకేసారి. దీన్ని పైలట్లు డెన్సిటీ ఆల్టిట్యూడ్ అనే ఒక్క అంకెలోకి మారుస్తారు. అంటే, ఈ గాలి ఎంత ఎత్తులో ఉండే గాలితో సమానం అని.

ఆ రన్‌వే సముద్రమట్టానికి సుమారు 4,800 అడుగుల ఎత్తులో ఉంది. ప్రామాణిక లెక్క ప్రకారం సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, పైకెళ్లే ప్రతి 1,000 అడుగులకు 2 డిగ్రీలు తగ్గాలి. అంటే ఇక్కడ ఐదున్నర డిగ్రీలు ఉండాలి. ఉన్నది 32. దాదాపు 26 డిగ్రీలు ఎక్కువ. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగులు కలపాలి. మొత్తం కలిపితే దాదాపు 8,000 అడుగులు. నేల అక్కడే ఉంది, గాలి మాత్రం ఇంకో మూడు వేల అడుగులు పైకి వెళ్లిపోయింది. టర్బో లేని ఇంజన్ ప్రతి 1,000 అడుగులకు దాదాపు 3 శాతం బలం కోల్పోతుంది. అంటే ఆ సాయంత్రం మా ఇంజన్‌లో నాలుగో వంతు బలం లేనట్టే. నేల వదలడానికి కావాల్సిన పరుగు సముద్రమట్టంలో కన్నా దాదాపు రెట్టింపు.

అదే పొద్దున ఆరింటికి 12 డిగ్రీలు ఉంటే? ఆ అంకె 5,600 దగ్గరే ఆగుతుంది.

ఇక్కడే నాకు ఒక విషయం కొత్తగా అర్థమైంది. ఇలాంటి చోట దిగడం పెద్ద విషయం కాదు. బ్రేకులు ఉన్నాయి, ఎదురుగాలి సాయం ఉంటుంది. ఎగరలేని చోట కూడా విమానం దిగగలదు. అందుకే అన్న ఇంటి దగ్గరే, దిగే లెక్క కన్నా ముందు ఎగిరే లెక్క వేశాడు.

విమానం పుస్తకంలో ఉన్న దూరానికి అన్న ఎప్పుడూ మరో సగం కలుపుతాడు. అలా కలిపాక కూడా రన్‌వే సరిపోతోంది. కొద్దిగా మిగులుతోంది.

"వెళ్లొచ్చంటావా అన్నా?" అన్నాను, ఆశగా.

"కాగితం మీద వెళ్లొచ్చు." పెన్ను మూత పెట్టలేదు. "బరువులు ఇవే కదా? మార్పేం లేదు కదా?"

మామూలుగా ఇలాంటి ప్రశ్నకు సమాధానం ఆలోచించకుండానే వచ్చేస్తుంది. బ్యాగులు మీరే సర్దుకున్నారా అని ఎయిర్‌పోర్టులో అడిగితే తలూపేసినట్టు. నోరు తెరిచాను కూడా. కానీ నా కళ్లు రన్‌వే చివరకు వెళ్లాయి. అక్కడ మట్టి అయిపోయాక రాళ్లు, రాళ్ల తర్వాత కొండ. ఎందుకో పొద్దున చూసిన దుంగ గుర్తొచ్చింది.

"అన్నా... నా బరువు 78. బ్యాగ్‌లో ఇంకో ఏడు కిలోలు ఉన్నాయి. నువ్వు తూచాక పెట్టాను."

మా రూమ్మేట్ నా వైపు చూశాడు. "ఆ కుక్కర్ నీదా! అన్న తెచ్చాడనుకున్నా కదరా" అన్నాడు.

"బియ్యం, పప్పు తినేశాం కదా, ఆ మేరకు తగ్గినట్టే" అని నేనేదో అనబోయాను. తిన్నది మా ఒంట్లోనే ఉందని గుర్తొచ్చి ఆగిపోయాను.

అన్న అరవలేదు. కొట్టినా బాగుండేది అనిపించేంత నెమ్మదిగా నోట్‌బుక్ మూశాడు. "రేపు పొద్దున్నే పోదాం."

"పదకొండు కిలోలే కదన్నా. విమానం మొత్తం బరువులో ఒక శాతం కూడా కాదు. ఆ మిగిలిన మార్జిన్‌లో..."

"కాదు. పదకొండు కిలోలకు ఏమీ కాకపోవచ్చు" అన్నాడు. "కానీ ఈ పేజీలో ఇంకా ఏ అంకె తప్పో నాకిప్పుడు తెలీదు."

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

మూడో రోజు నీళ్లు

అన్న దగ్గర శాటిలైట్ మెసెంజర్ ఉంది. ఫోన్ సిగ్నల్ లేనిచోట చిన్న చిన్న మెసేజ్‌లు పంపే పరికరం. వదినకు "అందరం క్షేమం, రేపు పొద్దున వస్తాం" అని పంపి నాకిచ్చాడు. హైదరాబాద్‌లో నా టీమ్‌మేట్‌కు రాశాను: "ఎడారిలో ఇరుక్కున్నా. ఈ రాత్రి ఆన్‌కాల్ చూడగలవా? ముందే చెప్పనందుకు సారీ." పంపాక ఇరవై నిమిషాలు ఆ తెరనే చూస్తూ కూర్చున్నా. జవాబొచ్చింది. "సరే బ్రో, నేను చూస్తాలే. నువ్వు జాగ్రత్త." రెండు వారాలుగా నేను మోస్తున్న బరువు అది. ఒక్క మెసేజ్‌తో దిగిపోయింది. అంతసేపూ దాన్ని దాచిందీ నేనే.

సాయంత్రం గాలి లేచింది. విమానాన్ని తాళ్లతో నేలకు కట్టేశాం. అదనపు రోజు నీళ్లు తీశాం. ఇదెందుకన్నా అని శుక్రవారం అడిగిన మా రూమ్మేట్ మారు మాట్లాడకుండా గ్లాసు అందుకున్నాడు. రాత్రి నక్షత్రాలు ఎలా ఉన్నాయో రాయను. ట్రైపాడ్ మాత్రం బయటికి తీయలేదు. తీయడానికి మొహం చెల్లలేదు.

పడుకునే ముందు అన్నే మాట కదిపాడు. "ఆఫీసులో మనం రెండు రోజుల పనికి నాలుగు రోజులు అని చెప్తాం. మేనేజర్ మూడు అంటాడు. అందరికీ తెలుసు, అందరూ సర్దుకుంటారు. అలా సర్దుకునీ సర్దుకునీ, మనం చెప్పే ఏ అంకె అయినా బేరానికే అనుకుంటాం. ఇక్కడ బేరమాడ్డానికి అవతల ఎవరూ లేరురా."

పొద్దున ఐదింటికే లేపాడు. నన్ను పిలిచి రన్‌వే మొత్తం నడిపించాడు. గుంతలు చూస్తూ, అడుగులు లెక్కపెడుతూ. సరిగ్గా సగం దగ్గర ఒక పొద ఉంది. "ఈ పొద దగ్గరకు వచ్చేసరికి, ఎగరడానికి కావాల్సిన వేగంలో 70 శాతం రావాలి. రాకపోతే ఇంజన్ తగ్గించి ఆపేస్తా. నువ్వు పొద చూడు, నేను స్పీడ్ చూస్తా." తర్వాత స్కేలు తీసి బ్యాగులన్నీ మళ్లీ తూచాడు. ఈసారి అంకెలు నేనే గట్టిగా చదివాను.

ఆరుంపావు. 12 డిగ్రీలు. నిలబడి ఇంజన్ గట్టిగా తిప్పితే కంకర ఎగిరి ప్రొపెల్లర్‌కు తగులుతుందని, కదులుతూనే వేగం పెంచాడు. పొద దగ్గరకొచ్చింది. "పొద!" అని అరిచాను. "ఉంది" అన్నాడు. ఇంకో రెండు మూడు క్షణాలకే గరగర చప్పుడు ఆగిపోయింది. నేల వదిలేశాం. నిన్న సాయంత్రం నేను చూస్తూ నిలబడ్డ రాళ్లు చాలా కింద నుంచి వెళ్లిపోయాయి. అన్న ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

నిన్న సాయంత్రమే బయల్దేరి ఉంటే ఏమయ్యేది? బహుశా ఏమీ అయ్యేది కాదు. కొంచెం ఆలస్యంగా లేచేవాళ్లం, అంతే. అప్పుడు నేను పదకొండు కిలోలు దాచినా ఏం కాదనే పాఠం నేర్చుకుని ఇంటికి వచ్చేవాణ్ని. వచ్చేసారి పదిహేను దాచేవాణ్ని.

మీకూ వెళ్లాలనిపిస్తే

పైలట్ ఫ్రెండ్ లేకపోయినా పర్వాలేదు. గ్రీన్ రివర్ నదిలో డెసొలేషన్ క్యానియన్ రాఫ్టింగ్‌కు వెళ్లేవాళ్లను మోయబ్, గ్రీన్ రివర్ పట్టణాల నుంచి చార్టర్ విమానాల్లో శాండ్ వాష్ అనే మట్టి రన్‌వే మీద దించుతారు. అక్కడి నుంచి మైలున్నర దూరం నది దాకా నడిచి దిగాలి. ఆ తర్వాత 84 మైళ్లు పడవలో. వాళ్లు మీ బరువు అడుగుతారు. నిజం చెప్పండి.

హిడెన్ స్ప్లెండర్‌కు మట్టి దారిలో ఎత్తైన జీపులోనూ వెళ్లొచ్చు, వాన లేనప్పుడు మాత్రమే. వసంతం, శరత్తు మంచి కాలాలు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా సాయంత్రం ఉరుముల వానలు, లోయల్లో వరదలు. మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్లు, ఒక రోజు అదనం. నల్లగా, బుడిపెలు బుడిపెలుగా కనిపించే మట్టి మీద కాలు పెట్టకండి. అది ప్రాణమున్న పొర, ఒక్క అడుగు వేస్తే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. చెత్తతో పాటు మీ మలమూ ప్రత్యేకమైన సంచుల్లో వెనక్కి తెచ్చుకోవాలి. ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పండి. ఒక రోజు ఆలస్యం కావచ్చని ఆఫీసులోనూ చెప్పండి.

మొన్న అన్న ఫోన్ చేశాడు. అక్టోబర్‌లో మెక్సికన్ మౌంటెన్ వెళ్దామని. నన్ను మళ్లీ పిలుస్తాడని నేను అనుకోలేదు.

"బరువెంత?" అన్నాడు.

ఒక్క నిమిషం ఆగమని చెప్పి, వెళ్లి మిషన్ ఎక్కి చూసుకుని వచ్చాను.

"79 అన్నా. ఒక కిలో పెరిగాను."

అవతల పెన్ను గీస్తున్న చప్పుడు వినిపించింది.